రిబ్బను జడలు, స్టడీ అవర్లు

తెలుగు రాష్ట్రాల్లో సర్కారు హైస్కూలు రోజు ప్రార్థనతో మొదలవుతుంది. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిన ప్రతిజ్ఞను పిల్లలు చేయి చాచి చెబుతారు. రాసినవారి పేరు మాత్రం చాలామందికి తెలియదు. మధ్యాహ్నం కంచాలతో వరుస కడతారు. తొమ్మిది, పది తరగతులకు బడిలో భోజనం 2008లో మొదలైంది.

అసలు బరువంతా పదో తరగతిది. తెలుగు, హిందీ, ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, సోషల్... ఆరు సబ్జెక్టులకూ పబ్లిక్ పరీక్షలే. అవి దగ్గరపడేకొద్దీ బడికి ముందూ, బడి వదిలాకా స్టడీ అవర్లు నడుస్తాయి. వరండాలో, చెట్టు కింద బారులు తీరి కూర్చుంటారు. కొందరు గొంతెత్తి వల్లిస్తారు, ఇంకొందరు బిట్లు అప్పజెప్పుకుంటారు. పుస్తకం చాటున కబుర్లు చెప్పుకునేవాళ్లూ ఉంటారు, అదీ స్టడీ అవర్‌లో భాగమే.

అందరిదీ ఒకే యూనిఫాం అయినా ఫ్యాషన్ సందు వెతుక్కుంటుంది. మడిచి కట్టిన రెండు జడలకు రిబ్బను తప్పదు కాబట్టి అమ్మాయిల సరదా క్లిప్పుల్లో, వాచీల్లో కనిపిస్తుంది. అబ్బాయిలు ప్యాంట్లు బిగుతు చేయించుకుంటారు, కొత్త సినిమా హీరో క్రాఫు దించేస్తారు. ఆ క్రాఫు పీఈటీ సారు కంట పడితే మర్నాటికి మళ్లీ మంగలి షాపుకే.