ఆటగాడి బలం మాత్రలోనా, జామకాయలోనా?

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ శిక్షణలో మన దేశ ఫుట్‌బాల్ జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ ఆటనే పాలకుర్తిలో మన పిల్లలూ ఇష్టంగా ఆడుతున్నారు. వారికి విటమిన్ మాత్రలు కొనిస్తామని కొందరు దాతలు ముందుకొచ్చారు. ఖర్చు చేసేముందు విషయం తెలుసుకున్నాం. అది మీ ముందుంచుతున్నాం.

వృత్తి ఆటగాడు 90 నిమిషాల మ్యాచ్‌లో సుమారు 10 కిలోమీటర్లు తిరుగుతాడు. అప్పుడు కండరాలు ఆక్సిజన్‌ను ఎన్నో రెట్లు ఎక్కువగా వాడుకుంటాయి. కట్టెలు మండుతుంటే నిప్పురవ్వలు లేచినట్టు, శరీరంలో ఫ్రీ రాడికల్స్ పుడతాయి. అవి మితిమీరితే కణాలు దెబ్బతింటాయి, కండరాలు త్వరగా అలసిపోతాయి. వాటిని అదుపు చేసేవే యాంటీ ఆక్సిడెంట్లు. గ్లూటాథయోన్ వంటివాటిని శరీరమే తయారు చేసుకుంటుంది. సి, ఇ విటమిన్లు మాత్రం తిండి నుంచి రావాలి.

మరి మాత్రలు ఎక్కువ మింగితే ఆట మెరుగవుతుందా? అలా అనుకోవడం పొరపాటు. ఆ రవ్వలు కొద్దిగా ఉంటేనే శరీరం మేలుకుని తన రక్షణ శక్తిని పెంచుకుంటుంది. క్రమంగా సాధన చేసేవారికి ఈ శక్తి దానంతటదే పెరుగుతుంది. జర్మనీ పరిశోధకులు కొందరు యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. వారిలో కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది మాత్రలు వేసుకోనివారిలోనే. వేసుకున్నవారికి ఆ మేలు దక్కలేదు.

పెద్దవాడైన మగవాడికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. వంద గ్రాముల జామపండులోనే సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది! ఉసిరి, టమాటా, మునగాకు కూడా మనకు అందుబాటులో ఉన్నవే. విటమిన్ ఇ పల్లీల్లో దొరుకుతుంది. రంజాన్‌లో ఉపవాసం ఉండే పిల్లలకు ఇఫ్తార్‌లో ఖర్జూరంతోపాటు జామ, బత్తాయి ముక్కలు పెడితే మంచిది. లోపం ఉందని డాక్టర్ చెప్పినవారికి మాత్రం మందులు ఇప్పించాల్సిందే.

కాబట్టి దాతలకు మా మనవి ఒక్కటే. మాత్రల కోసం అనుకున్న సొమ్ముతో, సాధన ముగిశాక ప్రతి పిల్లవాడికీ ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు, ఒక జామపండు అందేలా చూద్దాం. మీ దానం వారి ఒంటికి పడుతుంది.