చిన్న పిల్లలతో మూడు రోజుల వియన్నా: టికెట్ కొనే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

లండన్, డబ్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలకు వీకెండ్‌కు సెలవు కలిపి మూడు రోజుల ట్రిప్ కొట్టడం ఇప్పుడు మామూలైపోయింది. ఇద్దరే ఉన్నప్పుడు ఒక బ్యాగు, రెండు టికెట్లు చాలు. ఇంట్లో నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఫ్లైట్ టికెట్ చవకగా దొరికిందని ముందు కొనేసి, ఆ తర్వాత పాప పాస్‌పోర్ట్ గడువు చూసుకుని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

ఎక్కడికెళ్లాలన్నది మొదటి ప్రశ్న. పారిస్, రోమ్ పేర్లు ముందు గుర్తొస్తాయి గానీ, నడవలేని వయసు పిల్లలున్నవాళ్లకు ఆస్ట్రియా రాజధాని వియన్నా చాలా నయం. ఊరు మరీ పెద్దది కాదు, ట్రామ్‌లు, మెట్రో బాగా పనిచేస్తాయి, ప్రతి పేటలోనూ ఆట స్థలాలు కనిపిస్తాయి. లండన్ నుంచి విమానంలో రెండున్నర గంటల లోపే. మ్యూనిక్ నుంచైతే విమానమే అక్కర్లేదు, రైల్‌జెట్ రైల్లో సుమారు నాలుగు గంటలు. ఆ రైళ్లలో పిల్లల కోసం చిన్న సినిమా తెర ఉన్న ఫ్యామిలీ జోన్ ఉంటుంది. సెక్యూరిటీ క్యూ లేదు, బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చోవాలన్న గొడవ లేదు.

కాగితాల దగ్గరే అసలు చిక్కు

జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు ఆస్ట్రియా వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్, పర్మిట్ రెండూ దగ్గరుంటే చాలు. బ్రిటన్, ఐర్లాండ్ మాత్రం షెంజెన్ పరిధిలో లేవు. అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉంటున్నా, చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నంతకాలం షెంజెన్ వీసా తీసుకోవాల్సిందే. చంటిబిడ్డకు కూడా విడిగా అప్లికేషన్ పెట్టాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్ల లోపు వాళ్లకు ఫీజు లేదు. అయితే అప్లికేషన్ సెంటర్ సర్వీస్ చార్జీ వేరుగా ఉండొచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ పిల్లల పేరు మీద కూడా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. చివరి గడువు పదిహేను రోజుల ముందు అని ఉంది కదా అని అంతవరకూ ఆగితే వేసవిలో అపాయింట్‌మెంటే దొరకదు.

ఇక్కడ ఎక్కువమంది మర్చిపోయే విషయం ఒకటుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ పెద్దలకు పదేళ్లకు ఇస్తారు, పిల్లలకు మామూలుగా ఐదేళ్లకే. అమ్మానాన్నల పాస్‌పోర్ట్‌లు బాగానే ఉంటాయి, పాపది అయిపోవస్తుంటుంది. షెంజెన్ దేశం నుంచి తిరిగి బయల్దేరే తేదీ తర్వాత ఇంకా కనీసం మూడు నెలల గడువు మిగిలి ఉండాలి. బ్రిటన్‌లో ఉండేవాళ్లకు ఇంకో మెలిక. ఇప్పుడు పాత ప్లాస్టిక్ కార్డుల స్థానంలో ఈ-వీసా వచ్చింది. పాపకు కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నాక దాని నంబర్‌ను ఈ-వీసా అకౌంట్‌కు కలపకపోతే, తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కేటప్పుడు ఇబ్బంది రావచ్చు. వెళ్లేటప్పుడు ఎవరూ అడగరు కాబట్టి ఆ సంగతి గుర్తుకే రాదు.

అంతకన్నా సున్నితమైనది పేర్ల సంగతి. మన ఇళ్లల్లో తండ్రికి ఇంటిపేరు, తల్లికి పుట్టింటి పేరు, బిడ్డకు మరేదో ఉండటం మామూలు. ముస్లిం కుటుంబాల్లో తల్లి పేరు చివర బేగం, సుల్తానా, ఫాతిమా ఉంటుంది, తండ్రి పేరు చివర మొహమ్మద్, బిడ్డ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. మనకిది వింత కాదు. కానీ యూరప్ సరిహద్దులో కూర్చున్న ఆఫీసర్‌కు కనిపించేది ఒక్కటే: వేరే పేరున్న ఒక పెద్ద మనిషి, పక్కన ఒక చంటిబిడ్డ. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఎత్తుకుపోయే కేసులు ఉంటాయి కాబట్టి వాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. తల్లి ఒక్కతే పిల్లలతో ప్రయాణం చేస్తుంటే ప్రశ్నలు ఎక్కువ రావచ్చు. ఇద్దరి పేర్లూ ఉన్న బర్త్ సర్టిఫికెట్ కాపీ, రాని తల్లి లేదా తండ్రి సంతకం పెట్టిన సమ్మతి లెటర్, వాళ్ల పాస్‌పోర్ట్ కాపీ, ఫోన్ నంబర్ చేతి సంచిలోనే ఉండాలి. సూట్‌కేసులో కాదు. సర్టిఫికెట్ తెలుగులోనో, ఉర్దూలోనో ఉంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మమ్మ, నానమ్మలనూ తీసుకెళ్దామనుకుంటే, వాళ్లు ఇండియాలో ఉన్నప్పుడే షెంజెన్ వీసా వేయించుకుని రావడం సులువు. విజిటర్‌గా బ్రిటన్‌లో ఉంటూ అక్కడి నుంచి అప్లై చేయడం అంత తేలిగ్గా కుదరదు.

నెయ్యి డబ్బా ఆగిపోతుంది

పిల్లలు బయటి తిండి తినరని బ్యాగు నిండా ఇంటి సరుకు సర్దడం మన అలవాటు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదన్నది అక్కడి నిబంధన. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ కూడా బయటి దేశమే. అంటే ఇంట్లో కాచిన నెయ్యి, దూద్ పేడా, పనీర్, చికెన్ పచ్చడి అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. చంటిపిల్లల పాలపొడి, బేబీ ఫుడ్‌కు మినహాయింపు ఉంది. కంపెనీ ప్యాకింగ్‌తో, ఫ్రిజ్ అవసరం లేనివై, రెండు కిలోల లోపు ఉంటే తేవచ్చు. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు లాంటివి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా కుదరవు. అరటి, ఖర్జూరం, కొబ్బరి, అనాస మాత్రం పర్వాలేదు. ఆవకాయకూ అడ్డు లేదు, మూత ఊడి బట్టల మీద పడకపోతే అంతే చాలు.

చాలా విమానాశ్రయాల్లో ద్రవాల మీద 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నా, ప్రయాణానికి సరిపడా పాలు, బేబీ ఫుడ్‌కు అది వర్తించదు. సెక్యూరిటీ దగ్గర బయటికి తీసి చూపించాలి. విమానం కిందికి దిగేటప్పుడు చంటిపిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు. చెవి లోపలి భాగాన్ని గొంతుతో కలిపే గొట్టం వాళ్లలో చాలా సన్నగా ఉంటుంది, బయటి ఒత్తిడికి తగ్గట్టు లోపలి గాలి సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, అందుకే ఆ నొప్పి. మింగుతుంటే గొట్టం తెరుచుకుంటుంది. కాబట్టి పాలు పట్టాల్సింది ఎక్కగానే కాదు, దిగడం మొదలైనప్పుడు.

తిండి సంగతికొస్తే, కిచెన్ ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సగం బాధ తీరుతుంది. బియ్యం, పెరుగు, గుడ్లు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతాయి. పెరుగన్నం, ఖిచ్డీ చేసుకోవచ్చు. ఆదివారం మాత్రం జాగ్రత్త. ఆస్ట్రియాలో ఆ రోజు దుకాణాలు దాదాపు అన్నీ మూతపడతాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని షాపులే దిక్కు. పాలు, డైపర్లు శనివారం సాయంత్రానికే కొనిపెట్టుకోవాలి. నీళ్లు కొనక్కర్లేదు. ఆల్ప్స్ కొండల ఊటల నీరు 1873 నుంచి పైపుల్లో ఈ నగరానికి వస్తోంది, కుళాయి నీళ్లే హాయిగా తాగొచ్చు.

హలాల్ చూసుకునే కుటుంబాలకు వియన్నాలో కష్టం లేదు. టర్కీ, బోస్నియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు. ఓట్టాక్రింగ్ పేటలోని బ్రున్నెన్‌మార్క్ట్ అంగళ్ల వీధి నిండా టర్కీ దుకాణాలే. ఆస్ట్రియా 1912లోనే ఇస్లాంను చట్టబద్ధంగా గుర్తించిన దేశం. డాన్యూబ్ నది పక్కన 1979లో తెరిచిన ఇస్లామిక్ సెంటర్ మసీదు మెట్రోలో వెళ్లేంత దూరంలోనే ఉంది. అయితే మామూలు హోటల్లో మెనూ జాగ్రత్తగా చదవాలి. ష్వైన్ అంటే పంది, రిండ్ అంటే గొడ్డుమాంసం, హూన్ అంటే కోడి. ష్నిట్జెల్ చాలాచోట్ల పంది మాంసంతోనే చేస్తారు. పిల్లలు వేలు పెట్టి చూపించే గులాబీ రంగు కేకు పుంష్‌క్రాప్‌ఫెన్‌లో రమ్ ఉంటుంది. ముక్కలు చేసిన తీపి దోసెలా ఉండే కైజర్‌ష్మార్న్‌లో కిస్‌మిస్‌లను కూడా కొందరు రమ్‌లో నానబెడతారు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఎక్కువగా పందిదే. హలాల్ పట్టింపు లేని ఇళ్లవాళ్లు కూడా రెండేళ్ల బిడ్డకు రమ్ కేకు పెట్టాలనుకోరు కదా, అడగడం అందరికీ మంచిదే.

రోజుకు ఒక్కటే చూడాలి

మూడు రోజుల్లో తొమ్మిది చోట్లు చూసేద్దామని ప్లాన్ వేస్తే మొదటి రోజు మధ్యాహ్నానికే అది కూలిపోతుంది. పొద్దున పిల్లలు హుషారుగా ఉన్నప్పుడు ఒక పెద్ద చోటు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఏదో ఒక పార్కు. ఇంతకు మించి పెట్టుకోకపోవడమే మేలు. నిద్ర తప్పిన పిల్లలు పేచీ పెడతారు, దాంతో భార్యాభర్తల మధ్య కూడా మాటలు పెరుగుతాయి.

ఆ ఒక్క పెద్ద చోటు షోన్‌బ్రున్ జూ అయితే బాగుంటుంది. 1752లో మొదలై నేటికీ నడుస్తున్న ఈ జూ ప్రపంచంలోనే అత్యంత పాతది. మరియా థెరీసా మహారాణి భర్త, చక్రవర్తి మొదటి ఫ్రాన్సిస్ దీన్ని కట్టించాడు. జెయింట్ పాండాలు ఉన్నాయి, ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ప్యాలెస్ లోపలికి కూడా టికెట్లు కొని నలభై గదులు తిప్పితే మూడేళ్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. తోట చూస్తే చాలు.

రెండో రోజుకు ప్రాటర్ పార్కు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, ఎక్కిన దానికే డబ్బులు. 1897లో నిలబెట్టిన ఇక్కడి జెయింట్ వీల్ 65 మీటర్ల ఎత్తు. రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోతే 1947లో మళ్లీ నడిపించారు, అప్పుడు ముప్పై పెట్టెలకు బదులు పదిహేనే పెట్టారు. పెట్టెలు మూసి ఉండే గదుల్లాంటివి, మెల్లగా తిరుగుతుంది కాబట్టి చిన్నవాళ్లు భయపడరు. అదే పార్కులో 1928 నాటి లిలిపుట్ రైలు చెట్ల మధ్య నాలుగు కిలోమీటర్లు తిప్పుతుంది. బహదూర్‌పురా జూలో టాయ్ ట్రైన్ ఎక్కిన పిల్లలకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. చలికాలంలో అది నడవదు.

వాన పడితే హౌస్ దెస్ మేరెస్ ఉంది. యుద్ధకాలంలో విమానాలను కూల్చే ఫిరంగుల కోసం కట్టిన కాంక్రీట్ టవర్‌ను ఇప్పుడు అక్వేరియంగా మార్చారు. సొరచేపలు, తాబేళ్లు, పై అంతస్తుల్లో అడవి వాతావరణం. డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లలకు 1889లో తెరిచిన నేచురల్ హిస్టరీ మ్యూజియం. ఆస్ట్రియా ప్రభుత్వ మ్యూజియంలలో 19 ఏళ్ల లోపు వాళ్లకు ప్రవేశం ఉచితం, కాబట్టి గంటలో విసుగొచ్చి బయటికొచ్చినా పిల్లల టికెట్ డబ్బులు పోయాయన్న బాధ ఉండదు.

సిటీ ట్రామ్, మెట్రోల్లో ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఆదివారాలు, పండగ సెలవుల్లో 15 ఏళ్ల లోపు వాళ్లకు కూడా ఫ్రీ, వయసు చూపించే కార్డు ఉండాలి. కొత్త ట్రామ్‌లు నేలకు దగ్గరగా ఉంటాయి, స్ట్రోలర్ నేరుగా ఎక్కుతుంది. రోడ్డు పక్కన సైకిళ్ల దారి ఉంటుంది, అది ఫుట్‌పాత్ లాగే కనిపిస్తుంది. సైకిళ్లు వేగంగా, చప్పుడు లేకుండా వస్తాయి. పిల్లల చెయ్యి వదలకూడని చోటు కార్ల రోడ్డు కంటే ముందు ఇదే.

వెలుతురు విషయం కూడా తెలిసుండాలి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదికి గానీ పొద్దు పోదు, తెల్లవారుజామున ఐదుకే వెలుగొస్తుంది. ఎండ కనిపిస్తుంటే పిల్లలు పడుకోరు. మందపాటి కర్టెన్లున్న గది అడిగి తీసుకోవాలి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే చీకటి. నేరుగా హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు వేసవిలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర గంటల టైమ్ తేడా ఉంటుంది. పిల్లలు తెల్లారి మూడుకే లేచి కూర్చుంటారు. అంత దూరం నుంచి వచ్చి మూడు రోజులే ఉండటం దండగ, కనీసం వారం పెట్టుకోవాలి.

జ్వరం వస్తే ఏం చేయాలి? ఇంట్లో వాడే పారాసిటమాల్ సిరప్, కొలత చెంచా, థర్మామీటర్ వెంట ఉండాలి, ఆదివారం మందుల షాపులూ మూసి ఉంటాయి కాబట్టి. ఆ రోజు వంతుగా తెరిచి ఉండే షాపు వివరాలు మూసిన ప్రతి షాపు తలుపు మీద రాసి ఉంటాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా తేల్చుకోవడానికి 1450, అంబులెన్స్‌కు 144, యూరప్ మొత్తానికి 112. జర్మనీ ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల హెల్త్ కార్డు వెనక వైపే యూరోపియన్ కార్డు, దాన్ని పిల్లలవి సహా తీసుకెళ్లాలి.

బడికి వెళ్లే పెద్ద పిల్లలు కూడా ఉంటే శుక్రవారం బడి మాన్పించే ముందు ఆలోచించాలి. ఇంగ్లండ్‌లో అనుమతి లేని గైర్హాజరు ఐదు రోజులకు చేరితే ఒక్కో బిడ్డకు ఒక్కో పేరెంట్ మీద 80 పౌండ్ల జరిమానా పడుతుంది, 21 రోజుల్లో కట్టకపోతే 160. జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి చట్టం. సెలవులు మొదలయ్యే ముందు రోజు బవేరియాలో విమానాశ్రయంలోనే పోలీసులు ఆరా తీసిన సందర్భాలున్నాయి. ఇంకా బడిలో చేరని పిల్లలున్న ఇళ్లకు ఈ గొడవ లేదు. జనం తక్కువగా ఉండి, టికెట్లు చవకగా దొరికే మామూలు మంగళవారమో, బుధవారమో బయల్దేరే వీలు వాళ్లకే ఉంది.