పటం పాతదేనా?

తాతలనాటి బొమ్మకు గిరాకీ ఉంది. అందుకే పాతదనం కూడా కల్తీ అవుతోంది. అసలేదో నకిలీ ఏదో తేల్చేదెలా?

కరీంనగర్ పల్లెల్లో నేతన్నల వాడకు కూనపులివారు వచ్చారంటే పండగే. మూడడుగుల వెడల్పు, ముప్ఫై అడుగులకు పైగా పొడవున్న బట్టపటాన్ని ఒక్కో మడతా విప్పుతూ మార్కండేయ పురాణం చెబుతారు. గౌడలకు, ముదిరాజులకు, మాదిగలకు... ఇలా ఒక్కో కులానికీ ఒక్కో కథ, ఒక్కో పటం. వాటిని గీసేది నకాషీలు. చేర్యాల వీరికి పెట్టింది పేరు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు ప్రాణం పోసిందీ నకాషీలే.

ఇప్పుడు పాత పటాలు మ్యూజియాలకెక్కాయి. దాంతో నిన్న గీసినదాన్ని నూరేళ్లనాటిదని అంటగట్టే వ్యాపారమూ పుట్టింది.

రంగు చెప్పే రహస్యం

చేత్తో వడికిన నూలుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తే పటానికి నేల సిద్ధం. పూర్వం ఇంగిలీకం, నీలిమందు, దీపపు మసి, గవ్వల పొడి... ఇవే రంగులు. ఇప్పుడు దుకాణంలో దొరికే రంగులు వచ్చాయి. పరీక్షకు పనికొచ్చేది ఇదే. టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. నూటయాభై ఏళ్ల పటమంటూ చూపించిన దాంట్లో అది ఉంటే అనుమానించాల్సిందే. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాచీ 1914 నాటిదంటూ అమ్మిన నకిలీ చిత్రం దొరికిపోయింది ఈ తెలుపు వల్లే!

నిర్మల్ చిత్రాలకూ ఇదే లెక్క. కొయ్యపలక మీద మెరిసే డ్యూకో రంగు పుట్టింది 1920లలో. ఆ రంగుతో గీసిన పలక అంతకుముందుది కాలేదు.

అయితే తొందరపడకూడదు. వెలిసిన చోట ఎవరో తర్వాత రంగు అద్ది ఉండొచ్చు. అందుకే నిపుణులు ఒక్క చోట చూసి తీర్పు చెప్పరు. బట్టకు కార్బన్ పరీక్ష చేయించినా తెలిసేది బట్ట వయసే. పాత బట్ట మీద కొత్త బొమ్మ గీస్తే? పగుళ్ల లోపలికి రంగు దిగిందంటే పగిలాకే పూశారన్నమాట.

పటం మీద 'పార్థివ' అని సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే సంబరపడకండి. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరది. 1885 కావచ్చు, 1945 కావచ్చు, 2005 కూడా కావచ్చు!

నకలు తప్పు కాదు

ఇక్కడో చిక్కుంది. పటం చిరిగిపోతే కథకులు నకాషీకి చూపించి అలాంటిదే మరొకటి గీయించుకుంటారు. పాతదానికి పూజచేసి నదిలో కలుపుతారు. వారి దృష్టిలో కొత్తదీ అసలుదే. కాబట్టి అదే కథను మళ్లీ గీయడం మోసం కాదు. కొత్తదాన్ని పాతదని చెప్పడమే మోసం.

మరి నమ్మకమైన సాక్ష్యం ఏది? పటం ఏ కుటుంబానిది, వారికి ఏయే ఊళ్లలో కథ చెప్పే హక్కుంది, ఎవరు గీశారు, ఎప్పుడు చేతులు మారింది... ఈ చరిత్రే. దళారి చేతికి వెళ్లగానే ముందుగా పోయేదీ అదే. అవసరానికి పటం అమ్ముకున్న కుటుంబం పేరు ఎక్కడా మిగలదు.

చట్టమూ ఉంది

నూరేళ్లు దాటిన చిత్రం పురావస్తువే. 1972 నాటి చట్టం ప్రకారం దాన్ని రిజిస్టర్ చేయించాలి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు.

మీ ఇంట్లో అలాంటిది ఉంటే తడిగుడ్డతో తుడవకండి, కొత్త రంగులు అద్దకండి. మడత పెట్టకుండా వదులుగా చుట్టి, తేమ తగలని చోట ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, దాని కథ అడిగి ఒక కాగితం మీద రాసి పక్కనే పెట్టండి. రేపు ఏ నిపుణుడు వచ్చినా మొదట అడిగేది ఆ కాగితాన్నే.