ముందు మేనన్... ఆ తర్వాతే నెహ్రూ!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... అనంత సీమలోని ఏ ఊళ్లోనైనా పెద్దవాళ్లకు 1962 గుర్తే. మన జిల్లా మనిషి నీలం సంజీవరెడ్డి అప్పుడు ముఖ్యమంత్రి. అక్టోబరు 20న చైనా విరుచుకుపడింది. ఆడవాళ్లు ఒంటిమీది బంగారం తీసి రక్షణ నిధికి ఇచ్చిన రోజులవి. అలాంటప్పుడు నెహ్రూను అనడానికి ఎవరికి నోరొస్తుంది? కోపమంతా రక్షణమంత్రి కృష్ణమేనన్‌ మీదికి మళ్లింది. సొంత పార్టీవాళ్లే పట్టుబట్టారు. నవంబరు 7కల్లా ఆయన మంత్రివర్గం నుంచే వెళ్లిపోయారు.

విశేషమేమిటంటే, వాజపేయి వంటివారు కోరితే యుద్ధం మధ్యలోనే, నవంబరు 8న పార్లమెంటు కొలువుదీరింది. నెహ్రూ కాదనలేదు, మాటలు పడ్డారు. ఆ గొప్పదనం ఆయనకివ్వాల్సిందే.

కాల్పులు ఆగాక గొంతులు పెరిగాయి. 1963 ఉపఎన్నికల్లో కృపలానీ, లోహియా, మసానీ గెలిచారు. ఆగస్టులో లోక్‌సభ తొలి అవిశ్వాస తీర్మానం వచ్చింది. పెట్టింది కృపలానీ... స్వాతంత్ర్యం వచ్చిననాటి కాంగ్రెస్‌ అధ్యక్షుడు! అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347. నెహ్రూ నెగ్గారు. కానీ సభలో నాలుగు రోజులు ఆయన్ని నిలదీశారు.

1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకరైన సంజీవరెడ్డి, రాష్ట్రపతి ప్రసంగించిన రోజే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించారు. అలా చేసిన మొదటి స్పీకర్‌ ఆయనే.