పాత కుంపటి - కొత్త గది

ఇంట్లో గ్యాసు పొయ్యి వుండగా, అది చాలదన్నట్టు కరెంటు పొయ్యి కూడా వుండగా, డబ్బిచ్చి పాత ఇనప కుంపటి కొనుక్కొచ్చే మనిషిని లోకం ఏమంటుందో నాకు తెలుసు. లోకం దాకా ఎందుకు, మా ఆవిడ ఆ మాట అననే అన్నది.

నిజానికి కోరిక నాది కాదు, మా అమ్మది. కిందటి కార్తీకంలో మా అమ్మాయిని పురిటికి తీసుకువచ్చాం. "బాలింతరాలి గదిలో కుంపటి లేకుండా పురుడేమిట్రా అబ్బాయ్! కాపడానికి నిప్పులొద్దూ? సాంబ్రాణికి నిప్పులొద్దూ?" అన్నది అమ్మ. ఎనభై దాటిన మనిషి నోరు తెరిచి అడిగింది. కాదనలేక సంచీ పట్టుకుని బజారుకు బయలుదేరాను.

పాత ఇనప సామాన్ల కొట్టులో కుంపట్లు రెండు రకాలు కనిపించాయి. ఒకటి రేకు కుంపటి. తేలిక, చవక, త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది, కొన్నేళ్లకు అడుగు చిల్లులు పడుతుంది. రెండోది పోత ఇనప కుంపటి. ఎత్తబోతే నడుం పట్టేస్తుంది గాని, ఒకసారి వేడెక్కిందా, నిప్పు తగ్గినా వేడి వదలదు.

పోత ఇనుములో కర్బనం వందకు రెండు నుంచి నాలుగు పాళ్లు వుంటుంది. శుద్ధమైన ఇనుము కరగడానికి 1,538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. పోత ఇనుము దాదాపు 1,200 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే దానిని అచ్చుల్లో పోసి, కావలసిన ఆకారం తీయడం సులభం. అయితే ఆ కర్బనమే దానికి పెళుసుతనం కూడా ఇచ్చింది. రేకు సొట్టపడుతుంది, పోత ఇనుము పగులుతుంది. కొనేవాడు చూసుకోవలసింది మొట్టమొదట బీటలే.

బీట కంటికి కనపడకపోయినా చెవికి దొరుకుతుంది. కుంపటిని కాస్త ఎత్తి పట్టుకుని తాళంచెవితో కొట్టి చూడండి. గట్టిదైతే గంటలా ఖణేలుమంటుంది. బీట వుంటే పగిలిన కుండలా బొద్దుగా పలుకుతుంది. కొట్టువాడు నాకు మొదట చూపించిన కుంపటి నల్లరంగు పూసుకుని నిగనిగలాడుతున్నది. కొట్టి చూస్తే పలుకు బాగాలేదు. గోటితో గీకితే రంగు కింద జానెడు బీట! "వాడుకుంటే అదే సర్దుకుంటుంది బాబుగారూ" అన్నాడతను. ఇనుము సర్దుకోవడం నేనెన్నడూ వినలేదు. తుప్పుపట్టి మూల పడివున్న మరొకటి మాత్రం గుళ్లో గంటలా మోగింది. దాన్నే తెచ్చుకున్నాను.

పైపై తుప్పుకు భయపడనక్కరలేదు. పొరలు పొరలుగా రాలుతూ, లోతుగా గుంటలు పడితేనే వద్దనాలి. నిప్పులు నిలిచే చువ్వల పళ్లెం విడిగా బయటికి రావాలి. కింద గాలి తలుపు ఆడాలి. పాత రంగుల్లో సీసం వుండే అవకాశం వున్నది కాబట్టి రంగు వేసిన కుంపటిని గీకడం, కాల్చడం మంచిది కాదు. తుప్పును ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట తీగ బ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, పైవైపు పలచగా నూనె రాస్తే చాలు. మొదటి రెండు మూడుసార్లు కొద్దిపాటి నిప్పే వేసి మెల్లగా వేడి అలవాటు చెయ్యాలి. ఎర్రగా కాలిన కుంపటి మీద చన్నీళ్లు పోస్తే మాత్రం అది మీ కళ్లముందే బీటవారుతుంది.

ఇక బొగ్గుల సంగతి. కట్టెలు కాల్చి చేసిన బొగ్గు ఒకటి, నేల తవ్వి తీసిన రాక్షసి బొగ్గు ఒకటి. మన సింగరేణి ప్రాంతంలో 1889 నుంచి తవ్వుతున్నది ఈ రెండో రకం. దాని పొగా, గంధకపు ఘాటూ మామూలు కుంపటికి తగవు. చలిదేశాల్లో పోత ఇనప పొయ్యిలలో దానిని కాల్చారంటే, ఆ పొయ్యిలకు ఇంటి కప్పు దాటిపోయే పొగగొట్టం వుంటుంది. మన కుంపటికి గొట్టమేది? కనుక దీనికి కట్టెబొగ్గే.

అడుగున కొబ్బరిపీచు, చితుకులు. వాటిపైన చిన్న బొగ్గులు, ఆపైన పెద్దవి. కింద గాలి తలుపు దగ్గర విసనకర్రతో విసరాలి. బొగ్గులు ఎర్రబడి, పైన తెల్లని నివురు పట్టాక వంటకు సిద్ధమైనట్టు. ఆ ఆదివారం అమ్మ డాబా మీద పీట వేసుకు కూర్చుని, మందపాటి మూకుట్లో దిబ్బరొట్టె పోసి, మూతమీద కూడా నాలుగు నిప్పులు వేసింది. అడుగూ పైనా ఎర్రగా కాలి, లోపల దూదిలా వున్న ఆ రొట్టె తిన్నాక మా ఆవిడ నన్ను ఏమీ అనడం మానేసింది.

అంతవరకూ బాగానే వున్నది.

నాలుగు రోజుల తరువాత ముసురు పట్టింది. సాయంత్రం డాబా మీద నీళ్లు కాచాక మిగిలిన నిప్పులు వృథా ఎందుకని, అమ్మ కుంపటిని పనిమనిషి చేత అమ్మాయి గదిలోకి చేర్పించింది. జల్లు కొడుతుందని కిటికీలు బిగించారు. పొగ లేదు, వాసన లేదు. నివురుగప్పిన నాలుగు నిప్పులు, అంతే. గంట గడిచేసరికి, "తల పగిలిపోతోంది, అమ్మా, కడుపులో తిప్పుతోంది" అన్నది అమ్మాయి. నెలలు నిండిన పిల్ల, వేవిళ్లు మళ్లీ వచ్చాయా అనుకుంటున్నాం. లేవబోయి తూలి పడబోయింది. మా ఆవిడ పట్టుకుని వరండాలోకి నడిపించి, తలుపులన్నీ బార్లా తీసింది. అటునుంచి అటే ఆస్పత్రికి పరుగెత్తాం.

ముక్కుకు ఆక్సిజన్ పెడుతూ డాక్టరమ్మ చెప్పింది: బొగ్గు చాలినంత గాలి లేక కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల్లి తేరుకున్నా కడుపులోని బిడ్డ రక్తాన్ని అది అంత త్వరగా వదలదు. కాబట్టి కుదుటపడింది కదా అని ఇంట్లో వుండిపోరాదు. మరొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా 1902లో పారిస్‌లోని తన ఇంట్లో, పడకగది పొగగొట్టం సరిగా లేక, ఈ వాయువుకే బలి అయ్యాడని నేను చదివిందే. చదివిన మాట సమయానికి గుర్తు రావాలి కదా!

అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "మీరంతా కుంపటి పెట్టిన గదిలోనే కదరా పుట్టారు! అప్పుడు కానిది ఇప్పుడెందుకయింది?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు కూడా చివరికి ఆమే చెప్పింది. "మనది పెంకుటిల్లు కదూ! పడుకుంటే పెంకుల సందుల్లోంచి చుక్కలు కనిపించేవి. తలుపు వేస్తే కింద పిల్లి దూరే సందు వుండేది" అన్నది తనలో తాను అనుకున్నట్టు. ఆ సందులే మమ్మల్ని కాచాయి. అలాంటి ఇళ్లలోనూ అందరికీ ఆ అదృష్టం పట్టి వుండదు. పోయినవారికి గాలి సోకిందని చెప్పుకుని వుంటారు. ఇప్పుడు మా గదికి పైన స్లాబు, కిటికీకి అద్దం, అద్దానికి రబ్బరు అంచు. మారింది కుంపటి కాదు, గది.

కాబట్టి కుంపటి కొనండి, తప్పులేదు. దిబ్బరొట్టె కాల్చండి, వంకాయ కాల్చి పచ్చడి చెయ్యండి. కాని అదంతా ఆరుబయటే. తలుపులు వేసిన గదిలోకి మాత్రం నాలుగు నిప్పులైనా తేవద్దు. బూడిదలో నిప్పు గంటల తరబడి దాగి వుంటుంది గనుక మూతవున్న ఇనప డబ్బాలోనే పొయ్యండి.

మాకు మనమడు పుట్టాడు. కాపడం రబ్బరు సంచీలో వేడినీళ్లతోనే జరిగింది. కుంపటి ఇప్పటికీ డాబా మీదే వున్నది. ఆదివారం నాడు నేను నిప్పు రాజేస్తూ వుంటే, చుట్టూ గోడ గాని పైన కప్పు గాని లేని ఆ డాబా మీదికి కింది మెట్టు మీంచి అమ్మ కేక వేస్తుంది: "ఒరేయ్ అబ్బాయ్, తలుపులు తీసే వున్నాయా?"