తాతగారి తాళం, మనవడి చెప్పులు

మా వరండాలో చెప్పులు ఎవరు ఎలా విడిచినా పది నిమిషాల్లో వరసలో ఉంటాయి. పెద్దవి గోడవైపు, చిన్నవి గుమ్మంవైపు. ఆ పని మా మనవడిది. వాడికి అయిదేళ్ళు. వచ్చినవాళ్ళు వెళ్తూ తమ జత తొడుక్కుంటే వరసలో ఖాళీ వస్తుంది కదా, అప్పుడు మొదలవుతుంది ఏడుపు. గంటసేపు ఆగదు. మాటలు కూడా ఆలస్యమే.

"తల్లి ఉద్యోగానికి పోతే పిల్లలు ఇలాగే తయారవుతారు" అని మా హోసూరు వీధిలో అన్నవాళ్ళున్నారు. ఎవరో దాకా ఎందుకు, నేనే అన్నాను. కోడలు పల్లెత్తు మాట అనలేదు.

ఈ నింద కొత్తదేమీ కాదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాశాక ఆటిజం వైద్యుల దృష్టికి వచ్చింది. అన్నీ ఎప్పుడూ ఒకేలా ఉండాలన్న వాళ్ళ పట్టుదలను ఆయన అప్పుడే గమనించాడు. ఆ తరువాత చాలా ఏళ్ళు, తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమని పేరున్న వైద్యులే రాశారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ కవలల మీద చేసిన పరిశీలన ఆ మాటకు గండి కొట్టింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు 11 జతలైతే, 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. రెండు అండాల కవలలు 10 జతల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. తల్లి ఒకతే, పెంచిన ఇల్లూ ఒకటే. తేడా రక్తంలో ఉందన్నమాట.

బెంగుళూరులో డాక్టరుగారు ఆటిజం అని చెప్పి, "మీ ఇళ్ళలో ఒకే పని మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అబ్బాయీ కోడలూ లేరన్నారు. నేను తల వంచుకు కూర్చున్నాను.

మావారు రాత్రి వీధి తలుపు తాళం ఏడుసార్లు లాగి చూసేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి. పిల్లలు దాన్ని నాన్నగారి చాదస్తం అనుకున్నారు. అది ఓసీడీ అనే జబ్బని ఒక డాక్టరు చెప్పి మాత్రలిచ్చిన సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆయన పోయి ఆరేళ్ళయింది. నాకు పెళ్ళి కావలసిన కూతురుంది. ఇంట్లో మనసు జబ్బు ఉందంటే ఏ సంబంధం నిలుస్తుంది? అందుకని కోడలి మీద మాట పడుతున్నా నోరు మెదపలేదు. ఆ రోజు మాత్రం, కోడలు పిల్లవాడి చెయ్యి పట్టుకుని, "నేను ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా సార్?" అని అడిగింది. అప్పుడు చెప్పేశాను.

డాక్టరుగారు ఓపికగా వివరించారు. ఆటిజం, ఓసీడీ వేరువేరు. మావారికి తాళం పడిందని తెలుసు. "తెలిసినా గుండె దడ ఆగదే" అనేవారు. మనవడికి వరస పెట్టడంలో దడ లేదు, హాయి ఉంది, చెదిరితేనే బాధ. అయినా రెండింటికీ చుట్టరికం ఉంది. డెన్మార్క్‌లో ఆరోగ్య రికార్డులు పరిశీలించి 2015లో ప్రకటించిన దాని ప్రకారం, ఓసీడీ ఉన్న తల్లిదండ్రుల పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనిపించింది. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి చేర్చే జన్యువు ఒకటుంది, 17వ క్రోమోజోములో. అందులో ఒక అరుదైన మార్పు అమెరికాలో రెండు కుటుంబాల్లో కనబడిందని 2003లో రాశారు. ఆ మార్పు ఉన్నవారిలో ఎక్కువమందికి ఓసీడీ తరహా బాధ, కొందరికి ఆటిజం తరహా లక్షణాలు.

"అయితే ఆయన నుంచే వచ్చిందా?" అన్నాను.

"అలా వేలుపెట్టి చూపలేమమ్మా. చాలామందిలో ఒక్క జన్యువు కాదు, వందల జన్యువులు తలా కాస్త. అవి రెండు వైపుల నుంచీ వస్తాయి."

తాత మాత్ర మనవడికి పనికొస్తుందా అంటే, అదీ అంత తేలిక కాదట. ఓసీడీకి వాడే మందుల కోవలోదే సిటాలోప్రాం. అమెరికాలో 149 మంది ఆటిజం పిల్లల మీద పరీక్షిస్తే, మళ్ళీ మళ్ళీ చేసే అలవాట్ల విషయంలో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనబడలేదని 2009లో తేలింది. మావాడికి మాత్రలు లేవు. మాట నేర్పే శిక్షణ, ఇంట్లో ఓర్పు.

మనలాంటి వాళ్ళకు ఇంకో మాట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, అందుకే మాటలు రాలేదు, తెలుగు మానెయ్యండి అని ఒకరు సలహా ఇచ్చారు. మేము రెండు నెలలు వాడితో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాం కూడా! రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయని తరువాత తెలిసింది. వాడు మొదట పలికిన మాట "బువ్వ".

వరండాలో ఇప్పుడు మావారి పాత చెప్పులు ఒక పక్కన పెట్టాం. ఎవరైనా వెళ్తే వాడే వాటిని ఆ ఖాళీలో సర్దుకుంటాడు. అన్నిసార్లూ కాదు. నిన్న ఏడ్చాడు.

కోడలికి క్షమాపణ చెప్పబోతే, "ముందే చెప్పి ఉండాల్సింది అత్తయ్యా" అంది. అంతే అంది. అమ్మాయి సంబంధం వాళ్ళకు సంగతి తనే ఫోనులో చెప్పింది. ఆలోచించుకుని చెబుతామన్నారు. మూడు వారాలైంది.