ఉప్పు తగ్గించమన్నది నేనే!

ఆదివారం సాయంత్రం నేనూ, నా రూమ్మేటూ బైక్ మీద శామీర్‌పేట చెరువు దాకా పోతాం. అక్కడ జామకాయ కోసి ఉప్పూకారం అద్ది ఇస్తే, ‘ఇంకొంచెం వెయ్యన్నా’ అనే రకం నేను. మిగతా ఆరు రోజులూ మేడ్చల్ రూములో నూడుల్స్, ఆవకాయ, మిక్చర్. నైట్ షిఫ్ట్ చేసొచ్చాక వండుకునే ఓపిక ఎవరికుంటుంది?

పోయిన ఎండాకాలం నాకు ఒకటే చిరాకు. నిద్ర లేదు. ఫోన్‌లో వెతుకుతుంటే ఉప్పు సంగతి తగిలింది. 2022లో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు ఎలుకలకు ఉప్పు ఎక్కువున్న తిండి పెట్టి చూస్తే, ఒత్తిడి హార్మోన్ 75 శాతం పెరిగిందట. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ వివరాలతో చేసిన అధ్యయనంలోనూ, కంచంలో పైనుంచి ఉప్పు చల్లుకునే అలవాటున్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన ఎక్కువ కనిపించాయి. అయితే ఉప్పు వల్ల దిగులా, దిగులు వల్ల ఉప్పా అన్నది దాంతో తేలదు. దిగులుగా ఉన్నప్పుడు నేను చిప్స్ ప్యాకెట్టే చింపుతా మరి! ఇక ఎలుకల ఫలితం మనుషుల దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో జీనోమ్ వ్యాలీలో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

బీపీ కోసమైనా తగ్గించాల్సిందే కదా అని లెక్క వేశా. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్. ప్యాకెట్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణించాలి. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. నా లెక్క మధ్యాహ్నానికే దాటిపోయింది.

ఆ ఊపులో రూమ్మేట్‌కీ క్లాసు పీకా. వాడు బైపోలార్‌కి లిథియం వాడతాడు. ‘సరే మామా’ అని ఏకంగా చప్పిడి తిండికి దిగాడు. పది రోజులకు చేతులు వణుకు, వాంతులు, నడిస్తే తూలుడు. ఆస్పత్రికి తీసుకుపోతే రక్తపరీక్షలో లిథియం మోతాదు మించి ఉంది. ఒంట్లో ఉప్పు ఒక్కసారిగా తగ్గితే కిడ్నీలు సోడియంను పట్టి ఉంచుకుంటాయి, దాంతోపాటు లిథియంనూ. చెమటలు బాగా పట్టే ఎండాకాలంలో ఇంకా ప్రమాదం. డాక్టర్ మాత్ర ఆపి, సెలైన్ ఎక్కించి, ‘ఎవరు చెప్పారయ్యా నీకు?’ అన్నారు. నేను తల దించుకున్నా.

లిథియం వాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, డాక్టర్‌ని అడగకుండా ఉప్పు తగ్గించొద్దు, పెంచొద్దు. మనసు బాగోలేకపోతే మాట్లాడటానికి 14416, టెలీ మానస్, ఫ్రీ. తెలుగులోనే మాట్లాడొచ్చు.

నా కంచం పక్కన ఉప్పు డబ్బా ఇప్పుడు లేదు. నిద్ర కాస్త మెరుగే. కానీ అదే నెలలో డే షిఫ్ట్‌కి మారాను కాబట్టి, క్రెడిట్ ఎవరికివ్వాలో తెలియట్లేదు. మొన్న చెరువు దగ్గర రూమ్మేటే జామకాయలు చెప్పాడు: ‘అన్నా, నాకు మామూలుగానే. వీడికి మాత్రం ఉప్పు లేకుండా!’